తెల్ల బంతి ఆగిన చోటు

క్యూ కర్ర పట్టి ఒక్క బంతినీ సంచిలో వెయ్యలేదు నేను.
నా చేతిలో ఎప్పుడూ గరిటే.
ఇలోయిలో, లా పాజ్ బజారు వెనక వీధి.
మేడమీద పూల్ హాలు, మెట్ల కింద నా బాచోయ్ కొట్టు.
ఎముకల పులుసు, నూడుల్స్, పైన వేయించిన వెల్లుల్లి.
పైనుంచి కేక వినపడితే
పళ్ళెంలో గిన్నెలు పెట్టుకుని ఎక్కేదాన్ని.
పద్దెనిమిది మెట్లు. ఎక్కడం నిమిషం.
దిగడానికే గంట పట్టేది.

మొదట్లో అందరిలాగే రంగు బంతినే చూశాను.
అది పడితే చప్పట్లు, పడకపోతే నిట్టూర్పు.
పదకొండేళ్ళు పట్టింది నాకు,
పడేదాన్ని వదిలేసి మిగిలేదాన్ని చూడాలని తెలియడానికి.
పడినదాని పని అయిపోయింది.
తెల్ల బంతి ఎక్కడ ఆగిందో
అసలు ఆట అక్కడుంది.

ఇక అప్పట్నుంచి నా లెక్కలు వేరు.
బకోలోద్ నుంచి పడవ దిగే బెల్మార్ కచుయెలా,
పెళ్ళికొచ్చినట్టు ఇస్త్రీ చొక్కా;
కొట్టిన బంతిని వెనక్కి నడిపించేవాడు,
పిలిస్తే వచ్చే పిల్లిని పిలిచినట్టు.
చేపల వేలంలో గుమాస్తా నందింగ్ టూపస్;
వానాకాలం గుడ్డ తేమ తాగి బరువెక్కితే
బల్లకి చెంప ఆనించి
"ఇవాళ మూరెడు తక్కువ పోతుంది" అనేవాడు.
కొలిస్తే మూరెడే.
డబ్బు మాత్రం ఇద్దరి దగ్గరా నిలవలేదు.
నా పద్దు పుస్తకం సాక్షి.

ఇక డోరో. ఎలియోడోరో సుమగైసాయ్.
ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, జూన్ తుపాను రాత్రి,
కరెంటు పోతే పెట్రోమాక్స్ వేలాడదీశారు.
రేకుల మీద వాన, బల్ల చుట్టూ ఊపిరి బిగబట్టిన డెబ్భై మంది.
పదమూడు పడింది. తెల్లది దొర్లి దొర్లి
గట్టుకి అతుక్కుని ఆగింది,
పద్నాలుగుకి అడ్డంగా పదిహేను.
డోరో క్యూ మొనకి సుద్ద రాసుకుంటూ
బల్ల చుట్టూ ఒక్కసారి తిరిగాడు,
సొంత ఇంట్లో దీపం ఆర్పడానికి వెళుతున్నవాడిలా.
మూడు గట్లు తాకి వచ్చి
పద్నాలుగుని పక్క సంచిలోకి నెట్టింది తెల్లది.
నా చేతిలో గిన్నె జారింది. పగిలింది కూడా ఎవరికీ వినపడలేదు.

గట్టుకి అంటించింది కావాలనే అనుకున్నాను.
ఎవరూ వెళ్ళని దారిన వెళ్ళడానికే
అక్కడ ఆపాడనుకున్నాను.
కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను,
నూడుల్స్ పోగులు పరిచి, వెల్లుల్లి రెబ్బలు బంతులుగా పెట్టి.

ఇప్పుడు మేడమీద మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు.
డోరో కళ్ళలో పువ్వులు పూశాయి.
మంగళవారాలు వస్తాడు, గోడ తడుముకుంటూ.
మొన్న ఆ రాత్రి సంగతి ఎత్తాను.
పులుసు ఊదుకుంటూ విన్నాడు.
"అక్కడ ఆగాలనుకోలేదు, పిలరింగ్.
జానెడు ముందే ఆగాలి. అరచెయ్యి చెమట పట్టింది,
జారింది."

పొయ్యి వైపు తిరిగిపోయాను.
ముప్పై ఎనిమిదేళ్ళు నేను మొక్కింది
ఒక పొరపాటుకా?
ఉల్లికాడలు అవసరం లేకపోయినా తరిగాను.
చాలా తరిగాను.

అప్పుడు మళ్ళీ కనబడింది ఆ నడక.
జారిందని తెలిసినవాడు ఒక్కడే ఆ గదిలో.
మొహంలో గోరంత మార్పు లేదు.
తన చెయ్యి చేసిన తప్పుని
తను పిలిచిన చుట్టంలా చూసి, మర్యాద చేసి,
దాని పక్కనుంచే దారి తీశాడు.
నేను చూశాను. చూసి,
వేరే పేరు పెట్టుకున్నాను, అంతే.

వెనక్కి తిరిగేసరికి తినడం అయిపోయింది.
ఖాళీ గిన్నెని రెండు వేళ్ళతో నెట్టాడు.
నూనె జిడ్డు బల్ల మీద అది జారి,
ఉప్పు డబ్బా తప్పించుకుని,
నా వైపు అంచుకి బెత్తెడు దూరంలో
ఆగింది.

అక్కడే ఆగాలనుకున్నాడో లేదో
ఈసారి నేను అడగలేదు.